బోవాకు తాళం వేయండి, ఆ పసుపు పైథాన్ జోలికి వెళ్ళకండి

ప్రశ్న: మధురవాడలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం. ఇంట్లో నేను, నా భార్య, నాలుగేళ్ళ పాప, 68 ఏళ్ళ మా అమ్మ. రెండున్నరేళ్ళ క్రితం బెంగళూరులో అడుగున్నర బోవా పాము పిల్లను కొన్నాను. ఆడది. ఇప్పుడు ఆరడుగులు, నాలుగు కిలోలు. నాలుగడుగుల గాజు తొట్టెలో ఉంచి, జాలీ మూత మీద రెండు ఇటుకలు పెడుతున్నాను. వారానికో బతికున్న ఎలుకను వేస్తాను. చాలా సాధువు, పాప మెడలో వేసి ఫొటోలు కూడా తీశాం. పోయిన నెల మాత్రం మూత తీయగానే నా మణికట్టు పట్టుకుని రెండు నిమిషాలు వదల్లేదు. కాగితాలేమీ లేవు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒకతను నాలుగడుగుల పసుపు బర్మీస్ పైథాన్ ఇస్తానంటున్నాడు. ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి చట్టం వర్తించదట. తీసుకోవచ్చా? రెండింటినీ పెంచాలంటే ఏం కావాలి? తుపాను వచ్చి కరెంటు పోతే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: పైథాన్ వద్దు. అది మీకు ఎంత నచ్చినా, అతను ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. బర్మీస్ పైథాన్ పేరుకు బర్మాదే కానీ మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉంది. అందుకే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దానికి మన కొండచిలువతో సమానంగా, గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన షెడ్యూల్ 1లో చోటిచ్చింది. నికోబార్‌లో కనిపించే రెటిక్యులేటెడ్ పైథాన్ సంగతీ అంతే. చట్టం చూసేది జాతిని. గుడ్డు ఎక్కడ పొదిగిందో, రంగు పసుపో గోధుమో దానికి అనవసరం. షెడ్యూల్ 1 జంతువును ఇంట్లో ఉంచుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. అమ్మినవాడు ఫోన్ మార్చేసి తప్పుకుంటాడు, పాము మాత్రం మీ ఇంట్లో దొరుకుతుంది. రేపు ఎప్పుడైనా ఎండాడ వైపో రుషికొండ దగ్గరో కొండచిలువ పిల్ల కనిపించినా ఇదే మాట: చేయి వేయకుండా అటవీ శాఖకు కబురు చేయండి.

చట్టం లేకపోయినా మా సలహా మారదు. బర్మీస్ ఆడపాము పదమూడు, పదిహేను అడుగులు సులువుగా దాటుతుంది. అంత పామును అపార్ట్‌మెంట్ గదిలో ఇద్దరు మనుషులు అదుపు చేయలేరు.

బోవాది వేరే దారి. అది మన దేశపు పాము కాదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో ఉన్న జాతి కాబట్టి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం షెడ్యూల్ 4 కిందికి వస్తుంది. పెంచుకోవచ్చు, అయితే నమోదు తప్పనిసరి. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాలు అప్పటికే జంతువులు ఉన్నవాళ్ళకు ఆరు నెలల గడువు ఇచ్చాయి. ఆ తర్వాత చేతికి వచ్చినవాటిని 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలి. మీరు గడువు దాటేశారు. అలాగని దాచిపెడితే సమస్య పాముతోపాటే పెరుగుతుంది. కొన్న రోజు ఫోన్‌లో తీసిన ఫొటోలు, డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్, అమ్మినవాళ్ళతో నడిచిన మెసేజ్‌లు, ఉన్నవన్నీ ఒకచోట చేర్చండి. వన్యప్రాణి కేసులు తెలిసిన న్యాయవాదితో ఒకసారి మాట్లాడి, ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాసి దరఖాస్తు పెట్టండి. నిర్ణయం రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. నమోదయ్యాక చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. బోవా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అందుకే మగపామును తెచ్చి జతచేసే ఆలోచన ఎప్పటికీ పెట్టుకోకండి. ఒక్క ఈతలో పాతిక పిల్లలు పుడితే పాతికకూ మీరే లెక్క చెప్పాలి.

మీ ఉత్తరంలో మమ్మల్ని భయపెట్టింది కాటు కాదు, ఆ ఇటుకలు. రెండూ కలిపి ఆరు కిలోలు ఉంటాయేమో. ఆరడుగుల బోవా నడుమును అడుగున ఆనించి మూతిని పైకి తోస్తే ఆ బరువు పక్కకు జరుగుతుంది. అది రాత్రిపూట గంటల తరబడి మూలమూలా తోసి చూసుకునే జీవి. 2009లో ఫ్లోరిడాలో రెండేళ్ళ పాపను ఇంట్లో పెంచుతున్న పైథాన్ చంపింది. అదీ పసుపు రంగు బర్మీసే, పొడవు ఎనిమిదిన్నర అడుగులు. గాజు తొట్టెకు తాళం లేదు, పైన బొంత కప్పి ఉంచారు. దానికి సరిగ్గా తిండి కూడా పెట్టలేదు. 2013లో కెనడాలోని క్యాంప్‌బెల్టన్‌లో ఆఫ్రికన్ రాక్ పైథాన్ గాలి గొట్టంలోకి దూరి, పై అంతస్తులో నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ముల మీద పడింది. ఇద్దరూ చనిపోయారు. ఒకరికి నాలుగేళ్ళు, ఇంకొకరికి ఆరేళ్ళు. మీ బోవా పైథాన్ అంతది కాదు, నిజమే. కానీ మీ పాపకు నాలుగేళ్ళు.

కాబట్టి ఈ రాత్రికే ఆ మూతకు రెండు వైపులా గొళ్ళేలు బిగించి తాళాలు వేయండి. ఆ తర్వాత అసలు పెట్టె తయారు చేయించండి. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉంటే ఆ పాము పూర్తి ఎదుగుదలకూ సరిపోతుంది. మాడ్యులర్ కిచెన్ చేసే వడ్రంగులు వాడే 18 మిల్లీమీటర్ల పీవీసీ బోర్డు ప్లైవుడ్ కంటే నయం. తడికి ఉబ్బదు, చెద పట్టదు. తలుపులు పైన కాకుండా ముందు వైపు ఉండాలి. పైనుంచి దిగే చేతిని పాము గద్దలాగే లెక్కిస్తుంది. ఆరు మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు పలకలు పక్కకు జరిగేలా పెట్టి, షోకేసులకు వేసే పళ్ళ తాళాలు రెండు బిగించండి. స్క్రూలు, జాలీ, గొళ్ళేలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకోండి. మన ఊరి ఉప్పుగాలికి మామూలు ఇనుప జాలీ ఏడాది తిరక్కుండానే పొడిపొడి అవుతుంది, పాము మూతి ఆనిన చోటే ముందు తెగుతుంది. నెలకోసారి జాలీ అంచులన్నీ వేలితో గట్టిగా నొక్కి చూడండి.

పెట్టెకు తాళం ఉంటే చాలదు, గదికీ ఉండాలి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, ఏసీ పైపు వెళ్ళే కన్నానికి సిమెంటు, కిటికీకి స్టీలు జాలీ వేయించండి. అటాచ్డ్ బాత్రూం ఉంటే నీళ్ళు పోయే కన్నానికి స్క్రూలతో బిగించిన జాలీ పెట్టించండి. తాళం చెవి మీ జేబులో ఉండాలి, గోడ మేకుకు కాదు.

ఇక మణికట్టు సంగతి. మీ పాముకు కోపం రాలేదు, మీరు తిండి అనుకుంది. వారం వారం మూత తీయగానే ఎలుక పడుతుంటే, మూత చప్పుడంటే భోజనమనే దానికి అలవాటవుతుంది. దానికి తోడు మీ చేతులకు ఎలుక వాసన అంటుకుని ఉంటుంది. దీన్ని మాన్పించడానికి పాములు పట్టేవాళ్ళు వాడే కొక్కెం కర్ర ఒకటి కొనండి. తిండి పెట్టని రోజుల్లో తలుపు తీయగానే ముందు కొక్కెంతో దాని నడుము మీద మెల్లగా తట్టండి. తల వెనక్కి తీసుకుని నెమ్మదించిందా, చేయి పెట్టండి. మెడను ఎస్ ఆకారంలో మడిచి, నాలుకను వేగంగా ఆడిస్తూ మీ చేతినే చూస్తోందా, తలుపు మూసేయండి. తిండి పెట్టే రోజు కొక్కెం తాకించొద్దు. రెండు నెలలు తప్పకుండా ఇలా చేస్తే కొక్కెం తాకిన రోజు తిండి లేదని దానికి బోధపడుతుంది.

బతికున్న ఎలుకలు మానేయండి. మూలన పడ్డ ఎలుక పాము కన్నునో వెన్నునో కొరికేస్తుంది. పైగా ఆ ఎలుకకూ అది అనవసరమైన హింస. గడ్డకట్టించిన ఎలుకలు తెప్పించి, వాటికోసం విడిగా చిన్న ఫ్రీజర్ పెట్టుకోండి, వంటింటి ఫ్రిజ్‌లో వద్దు. కవర్లోనే ఉంచి ముందు చన్నీళ్ళలో కరిగించండి, తర్వాత చేయి పెట్టగలిగినంత వేడినీళ్ళలో అరగంట ఉంచండి. పొట్ట నొక్కితే లోపల గడ్డ తగలకూడదు. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట ఉడికి ఇంకోచోట మంచుగానే ఉంటుంది. రెండున్నర అడుగుల పటకారుతో పెట్టెలోపలే అందించండి. తినిపించడానికి పామును వేరే తొట్టెలోకి మార్చే అలవాటు కొందరికి ఉంది. తిన్న వేడిలో ఉన్న పామును చేత్తో ఎత్తాల్సి వస్తుంది కాబట్టి కాట్లు ఎక్కువగా పడేది అప్పుడే. పరిమాణానికి కొలత: ఎలుక ఒళ్ళు పాము నడిమి లావును మించకూడదు. నాలుగు కిలోల పాముకు మూడు వారాలకొకసారి 250 గ్రాముల ఎలుక చాలు. మీరు పెడుతున్న వారానికొకటి దాన్ని కొవ్వుతో చంపుతుంది. తిన్నాక 48 గంటలు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే కక్కేస్తుంది. కక్కితే రెండు వారాలు ఆగి, మామూలు దాంట్లో సగం సైజు ఎలుకతో మొదలుపెట్టండి. రెండోసారీ కక్కితే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిందే.

పాప మెడలో ఇంకెప్పుడూ వేయకండి. మీ మెడలో కూడా. చుట్టుకున్న పాము ఊపిరాడకుండా చంపుతుందని అందరూ అనుకుంటారు. బోవాల మీద 2015లో వెలువడిన పరిశోధన చూపింది వేరు: చుట్ట బిగిసిన సెకన్లలోనే ఎలుక రక్తపోటు పడిపోతుంది, రక్తప్రసరణ ఆగిపోతుంది. మెడ దగ్గర బిగిస్తే మనిషికి స్పృహ తప్పడానికి ఎంతోసేపు పట్టదు, అరవడానికి కూడా వీలుండదు. ఆరడుగులు దాటిన పామును ఇంట్లో ఇంకో పెద్దమనిషి లేకుండా బయటికి తీయకూడదన్నది ఇందుకే. ఆ రెండో మనిషి మీ భార్య అయితే, విడిపించే పద్ధతి ఆమెకు ముందే నేర్పండి. తల పట్టుకుని లాగొద్దు. పళ్ళన్నీ వెనక్కి వంగి ఉంటాయి, లాగితే మాంసం చీలుతుంది, పాము ఇంకా బిగిస్తుంది. తోక కొస పట్టుకుని అక్కణ్ణుంచి ఒక్కో చుట్టా విప్పుకుంటూ రావాలి. నోరు వదలకపోతే దాని పెదవుల అంచున హ్యాండ్ శానిటైజర్ గానీ స్పిరిట్ గానీ కొద్దిగా పోస్తే వదిలేస్తుంది. ఆ సీసా గది బయట, తలుపు పక్కనే ఉండాలి. లోపల హీటర్ ఉంది, స్పిరిట్ మండుతుంది.

కాటు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పది నిమిషాలు కడగండి. విరిగిన పళ్ళు లోపల ఉండిపోయి చీము పట్టిస్తాయి, అందుకని డాక్టరుకు చూపించి టీటీ వేయించుకోండి. కేజీహెచ్‌కు వెళ్ళినా, ఇంకే ఆస్పత్రికి వెళ్ళినా, "పాము కరిచింది" అని మాత్రమే చెబితే అక్కడివాళ్ళ ఆలోచన ముందు విషం వైపు పోతుంది. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరిల కోసం తయారైంది. బోవాకు విషమే లేదు కాబట్టి ఆ మందుతో ప్రయోజనం సున్నా, దాని వల్ల వచ్చే అలర్జీ మాత్రం ప్రమాదకరం. గది తలుపు మీద ఒక కాగితం అంటించండి: పాము ఫొటో, "బోవా కన్‌స్ట్రిక్టర్, విషం లేదు" అన్న మాట, మీ ఫోన్ నంబరు, పశువైద్యుడి నంబరు, 108. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆ కాగితమే మాట్లాడాలి.

వేడి గురించి విదేశీ సలహాలన్నీ చలి దేశాల కోసం రాసినవి. అక్కడ పామును వెచ్చగా ఉంచడమే పని. విశాఖలో డిసెంబరు, జనవరి రాత్రులు తప్ప చల్లబరచడమే పని. పెట్టెలో ఒక కొస 31, 32 డిగ్రీలు, రెండో కొస 26, 27 ఉంటే పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది. పెట్టె మొత్తం 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మే నెలలో ఆ గది ఏసీని 27లో పెట్టండి. సిరామిక్ హీటర్‌కు తప్పకుండా వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, చుట్టూ జాలీ గూడు ఉండాలి. పాము కాలుతున్నా పక్కకు జరగదు, పొట్ట పొలుసులు మాడిపోయాక గానీ మనకు తెలియదు. చాలాచోట్ల ప్రమాదం జరిగేది ఇలా: పాము మెసలడంతో థర్మోస్టాట్ సెన్సార్ ఊడి చల్లటి మూలన పడుతుంది, ఇంకా చల్లగానే ఉందనుకుని హీటర్ ఆగకుండా మండుతూనే ఉంటుంది. సెన్సార్‌ను క్లిప్పుతో గోడకు బిగించండి. నీళ్ళ తొట్టి పక్కనే కరెంటు ఉంది కాబట్టి ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి. తేమ ఇక్కడ గాలిలోనే సరిపడా ఉంటుంది. వానాకాలంలో కింద పరిచిన కొబ్బరి పొట్టు తడిసి ముద్దయితే పొట్ట పొలుసులు కుళ్ళుతాయి, పొడిది మార్చండి. ఏసీ నడిచే రోజుల్లో మాత్రం తేమ తగ్గి కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. అప్పుడు ఒక గూటిలో తడి నాచు పెడితే చాలు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట్లో నురగ కనిపించినా ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ అనుకోండి. నీళ్ళ తొట్టిలో నల్ల ఆవగింజల్లాంటివి తేలితే అవి పేలు. కుక్కల గోమారి మందు కొట్టేయకండి. పాములు చూసే వైద్యులు తక్కువ, అవసరం పడకముందే వెతికి పెట్టుకోండి. గరివిడి పశువైద్య కళాశాలలో అడిగితే దారి చెబుతారు.

తుపాను గురించి మీరు అడగడం మాకు సంతోషంగా ఉంది, చాలామందికి ఆ ఆలోచనే రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు మన ఊళ్ళో కిటికీ అద్దాలు ఎలా పగిలాయో, కరెంటు ఎన్ని రోజులు రాలేదో మీకూ గుర్తుండే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో, మే నెలలో వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే చేయాల్సిన మొదటి పని పాముకు తిండి ఆపడం. తిండి లేకుండా అది వారాలు ఉండగలదు. కానీ కడుపులో ఎలుక ఉండగా వేడి తగ్గితే అరగదు, లోపలే కుళ్ళుతుంది. అలాంటప్పుడు ఎత్తి తీసుకెళ్తే కక్కుతుంది. గట్టి నూలు సంచీ, అది పట్టేంత గాలి కన్నాల ప్లాస్టిక్ డబ్బా, డబ్బాకు తాళం ముందే సిద్ధంగా ఉంచండి. గాలి మొదలవకముందే పామును సంచీలో వేసి మూతి ముడివేసి, డబ్బాలో పెట్టి, కిటికీలు లేని లోపలి గదిలో ఉంచండి. అక్టోబరులో హీటర్ లేకపోయినా ఇంటి లోపలి వేడి సరిపోతుంది. మే నెలలో కరెంటు పోతే మాత్రం డబ్బాను కింది అంతస్తులో చల్లటి గచ్చు మీదికి మార్చి, పైన తడిగుడ్డ కప్పండి. ఇన్వర్టర్ మీద హీటర్ నడపొద్దు, చిన్న ఫ్యాన్ నడపండి.

ఇంత జాగ్రత్త పాము ఒక్కదాని కోసమే కాదు. 1992లో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలో పైథాన్లను పెంచే ఒక కేంద్రాన్ని కూల్చింది. జనం వదిలేసినవీ, ఇలా తప్పించుకున్నవీ కలిసి అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో స్థిరపడ్డాయి. పాములు ఎక్కువకాలంగా ఉన్న చోట్ల రకూన్లనే చిన్న అడవి జంతువులు 99 శాతం తగ్గాయని 2012లో లెక్క తేలింది. మీ మధురవాడకు కంబాలకొండ అడవి ఎంత దూరం? అక్కడ మన కొండచిలువలు ఉన్నాయి. పెంపుడు బోవాల్లో వ్యాపించే వైరస్‌లు, పేలు వాటికి అంటితే వైద్యం చేసేవాళ్ళు ఎవరూ ఉండరు. పాము తప్పించుకుంటే మొదటి గంటలోనే తలుపులన్నీ మూసి, పాపనూ అమ్మగారినీ వేరే ఇంటికి పంపి, ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషీన్ కింద, సోఫా లోపల వెతకండి. రాత్రి గుమ్మాల దగ్గర పలచగా బియ్యప్పిండి చల్లితే ఎటు పాకిందో పొద్దున తెలుస్తుంది. పరువు పోతుందని ఆగకుండా అటవీ శాఖకూ, అపార్ట్‌మెంట్ సంఘానికీ అదే రోజు చెప్పండి.

అమ్మగారి విషయం ఒకటి మిగిలింది. పాకే జీవులు ఏ జబ్బూ కనిపించకుండానే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను మోస్తాయి. ఐదేళ్ళ లోపు పిల్లలకూ, పెద్దవయసు వాళ్ళకూ అది తీవ్రమైన విరేచనాలు, జ్వరం తెస్తుంది. నీళ్ళ తొట్టిని వంటింటి సింకులో కడగొద్దు, బాత్రూంలో దానికంటూ విడి బకెట్టు పెట్టండి. పామును ముట్టుకున్నాక చేతులకు సబ్బు, బట్టలు మార్పు. నాగుల చవితికి అమ్మగారు దాని ముందు పాలు పెడతానంటే నచ్చజెప్పండి, పాము ఒంటికి పాలు పడవు.

ఆ బోవా ఇంకో పాతికేళ్ళు బతకవచ్చు. ఈ పెట్టె, తాళాలు, రెండో మనిషి మీవల్ల కాదనిపిస్తే నమోదు పూర్తిచేసి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయానికి తెలియజేసి, అనుభవమున్న మరో నమోదిత పెంపకందారుకు చట్టప్రకారం బదిలీ చేయండి. జూ తీసుకుంటుందని ముందే లెక్క వేసుకోకండి, వాళ్ళకూ చోటు పరిమితమే. హైదరాబాద్ అతనికి మాత్రం ఈ రోజే వద్దని చెప్పేయండి, బయానా ఇచ్చి ఉంటే వదులుకోండి.